వేసవిలో పాలు, పండ్ల సలాడ్: పాలు విరగకుండా చేసుకొను విధానం

ఎండాకాలంలో చాగలమర్రి, ఆళ్లగడ్డ వైపు సంఘాల తనిఖీకి వచ్చినప్పుడు మహిళా సభ్యులు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "పండ్లు కోసి పాలల్లో వేస్తే ఇరిగిపోతాండాయి సార్, పాలల్లో ఏమన్నా దోసముందా?" అని. చాలావరకు పాలలో దోషం ఉండదు. ఏ పండు వేశారు, పాలు ఎంత వేడిమీద ఉండగా వేశారు అన్నదే చూడవలెను.

పాలమీద అనుమానం వచ్చినప్పుడు కేంద్రంలో కార్యదర్శి కొద్ది పాలను గాజు గొట్టంలో పోసి కాచి చూచుట సభ్యులు ఎరిగినదే. విరిగితే పులుపు పెరిగినట్లు లెక్క. పాలలోని మాంసకృత్తుకు పులుపు తగిలితే ముద్ద కట్టును, వేడి తోడైతే మరింత త్వరగా కట్టును. వేడి పాలలో చీనీ తొనలు వేసినప్పుడు ఇంట్లో జరిగేది కూడా ఆ పరీక్షే.

అనాస, దోర బొప్పాయిల సంగతి వేరు. వాటిలో మాంసకృత్తును ముక్కలు చేసే పదార్థం ఉన్నది. చల్లని పాలలో వేసినా కొంతసేపటికి చేదెక్కును. అనాసను ఉడికిస్తే ఆ గుణం పోతుంది గాని, మన జిల్లా బనగానపల్లె మామిడి చేతిలో ఉండగా ఆ శ్రమ దేనికి? ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది.

ఇక చేయు విధానం. లీటరు గేదె పాలు కాచి, ఒక గ్లాసెడు వేరుగా తీసి చల్లార్చి, అందులో మూడు పెద్ద చెంచాల కస్టర్డ్ పొడి ఉండలు లేకుండా కలపాలి. వేడి పాలలో పొడి వేస్తే ఉండలు కట్టక మానదు. ఈ పొడి ముఖ్యంగా మొక్కజొన్న పిండే. రంగు, వాసన కలుపుతారు, అంతే. మిగిలిన పాలలో నూరు గ్రాముల చక్కెర వేసి, సన్నని మంటమీద మరుగుతుండగా పొడి కలిపిన పాలు పోస్తూ, అడుగంటకుండా గరిటెతో తిప్పుతుండాలి. గరిటెకు పలుచగా అంటుకోగానే దించాలి. చల్లారితే ఇంకా చిక్కబడును కనుక పొయ్యిమీదనే చిక్కదనం కోసం చూడరాదు. గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో ఉంచి, మీగడ కట్టకుండా మధ్యమధ్య కలపాలి.

పూర్తిగా చల్లారిన తరువాతనే తీయమామిడి ముక్కలు, దానిమ్మ గింజలు, ఖర్జూరం వేయాలి. అరటిపండు నల్లబడును కనుక వడ్డించే ముందు కోయాలి. కళింగరకాయను ఇందులో వేయవద్దు, నీరు వదిలి పలుచన చేయును. దానిని, చీనీని విడిగా ఉప్పు, మిరియాల పొడి చల్లి తినవచ్చు, లేదా పెరుగులో వేసుకొనవచ్చు. పెరుగు ముందే తోడుకొన్నది, ఇక విరుగునన్న భయమేమున్నది?

మే నెల ఎండలో ఇది గంటకు మించి బయట ఉండరాదు. ఫ్రిజ్ ఉన్నవారు వెంటనే అందులో పెట్టాలి, లేనివారు ఆ పూటకు సరిపడా మాత్రమే చేసుకోవాలి. బయట కొన్న ఐసు వేయవద్దు. అది ఏ నీటితో చేసినదో ఎవరికెరుక!

మరొక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. కేంద్రంలో పులుపని తిప్పి పంపిన పాలను చక్కెర, పండ్ల చాటున పిల్లలకు పెట్టే ప్రయత్నం కొన్ని ఇండ్లలో చూచినాము. ఆ పాలు కస్టర్డ్‌కు నిలువవు, మరిగేటప్పుడే విరుగును. పులుపు కప్పుటకు సోడా వేయుట కల్తీ, చట్టరీత్యా నేరము.

వేసవిలో గేదెలు వట్టిపోయి పాలు తగ్గును, ధర కొంత పెరుగును. దానితో చెంబు అడుగున ఉన్నది కూడా కేంద్రానికే పోసి, ఇంట్లో పిల్లలకు నల్లటీ ఇచ్చే సభ్యులున్నారు. సేకరణ పెంచమని చెప్పే ఉద్యోగమే మాది. అయినా చెప్పుచున్నాము: పొద్దుటి పాలలో అర లీటరు ముందు ఇంట్లో తీసి, కాచి పెట్టి, ఆ తరువాతనే క్యాను ఎత్తండి. పైన చెప్పిన కొలతలన్నీ సగం చేసుకొంటే ఆ అర లీటరుకు సరిపోవును.