వంశకథ – వ్రాతసాక్ష్యము

విద్యార్థులారా! మీ తండ్రిగారి పేరు మీరెఱుగుదురు. తాతగారి పేరును ఎఱుగుదురు. ముత్తాతగారి పేరడిగినచో మీలో కొందఱు చెప్పగలరు. కొందఱు ఇంటి పెద్దలను అడిగి చెప్పెదమందురు. ముత్తాతగారి తల్లి పేరేమని యడిగినచో తరగతి యంతయు నిశ్శబ్దమగును. ఆమె లేకున్నచో మీరు లేరు. అయినను ఆమె పేరు మనకు దక్కలేదు.

ఒక చిన్న లెక్క చూడుడు. ప్రతి మనుష్యునకును తల్లిదండ్రు లిద్దఱు. తాతలు, అవ్వలు కలిసి నలుగురు. వారిని కన్నవారు ఎనమండుగురు. ఇట్లు తరతరమునకు రెట్టింపగుచు పోగా పదవ తరమునకు 1024 స్థానములగును. మన యిండ్లలో మేనరికములు జరుగుచుండుటచే ఒకే వ్యక్తి రెండు మూడు స్థానములలో కనబడవచ్చును. అట్లయినను మనము ‘మా వంశము’ అని చెప్పుకొను తండ్రి వరుసలో ఆ 1024 స్థానములలో ఒక్కటియే కలదు. తక్కినవారందఱును మన రక్తమునం దున్నారు గాని మన జ్ఞాపకమునందు లేరు.

ఈ మఱపును జయించుటకు మన పెద్దలు కొన్ని యుపాయములు చేసిరి. పెండ్లిపందిటిలో ప్రవర చెప్పునపుడు వరుడు ఫలానివారి మునిమనుమడు, ఫలానివారి మనుమడు, ఫలానివారి కుమారుడు అని మూడు తరముల పేర్లు వినిపింతురు. వధువునకును అట్లే చెప్పుదురు. కొన్ని కులములవారికి వంశములను గానము చేయువారే ప్రత్యేకముగా కలరు. పిచ్చుకుంట్లవారు అట్టివారు. వీరిని వంశరాజులని కూడ వ్యవహరింతురు. వీరు తమ పోషకుల యిండ్లకు వచ్చి, వారి గోత్రమును, ఇంటిపేరును, పూర్వుల ఘనకార్యములను చెప్పి, ధాన్యమో ధనమో పుచ్చుకొని పోవుచుండెడివారు. పుస్తకము చేత లేకయే తరముల వరుసను నోట నిలుపుకొనుట వారి విద్య.

కాశీ, గయ, హరిద్వారము మున్నగు క్షేత్రములందలి తీర్థపురోహితులు వేఱొక మార్గము త్రొక్కిరి. యాత్రకు వచ్చినవాని పేరు, ఊరు, తండ్రితాతల పేర్లు పుస్తకములలో వ్రాసియుంచుట వారి యాచారము. తాత యాత్ర చేసిన అనేక సంవత్సరములకు మనుమడు వెళ్లి, ఆ పుస్తకములో తాత చేవ్రాలు చూచి కన్నీరు పెట్టుకొనుట అరుదు కాదు. ఇంటనున్న పెట్టెలో లేని కాగితము వందల క్రోసుల దూరమున భద్రముగా నుండుట ఆశ్చర్యము కాదా?

మన గ్రామకరణములు తమ యూరి పూర్వవృత్తాంతమును కవిలెలలో వ్రాసి యుంచెడివారు. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది మొదటను కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమున ఇట్టి వృత్తాంతములను సేకరింపజేసెను. ఆ పనిలో ఆయనకు కుడిభుజమై నిలిచినవారు ఏలూరునకు చెందిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. వారును వారి సహాయకులును ఊరూర తిరిగి కరణములను, వృద్ధులను అడిగి కైఫియతులను వ్రాయించిరి. ఒక యూరి కైఫియతులో చెఱువు త్రవ్వించినదెవరు, గుడి కట్టించినదెవరు, ఏ వంశము ఎప్పుడు వచ్చి స్థిరపడినది అను సంగతులు కనబడును. వాటియందు చరిత్రయు కలదు, కట్టుకథయు కలదు. రెండును ఒకే కంఠముతో పలుకుచుండును.

కట్టుకథ వంశచరిత్రలో ఎట్లు చేరునో తెలుపుటకు వేంగి చాళుక్యుల శాసనములు మంచి యుదాహరణము. 7వ శతాబ్దిలో కుబ్జవిష్ణువర్ధనుడు ఈ రాజ్యమును స్థాపించెను. ఆ వంశపు తొలి శాసనములలో రాజుల గోత్రము, తండ్రితాతల పేర్లు క్లుప్తముగా నున్నవి. 11వ శతాబ్దినాటి శాసనములలోనైతే వారు చంద్రవంశపు వారనియు, వారి పూర్వులు 59 మంది అయోధ్య నేలిరనియు కనబడుచున్నది. ఆ వంశమునందలి విజయాదిత్యుడు దక్షిణమునకు దండెత్తి వచ్చి యుద్ధమున మడియగా, గర్భవతియైన ఆతని రాణి ముడివేము అగ్రహారమున విష్ణుభట్ట సోమయాజి యింట తలదాచుకొని విష్ణువర్ధనుని కన్నదని ఆ కథ. రాజరాజనరేంద్రుని కాలపు నందంపూడి శాసనమున ఈ కథ విస్తరముగా నున్నది. తొలి తరములవారు చెప్పని సంగతి నాలుగు వందల ఏండ్ల తరువాతివారు చెప్పినచో దానిని మనము జాగ్రత్తగా స్వీకరింపవలయును. రాజులే తమ తాతలను గొప్పవారిని చేసికొనుటకు వెనుదీయనప్పుడు సామాన్యుల మాట చెప్పవలయునా?

ఇక సామాన్యుల సంగతికే వత్తము. మారిషసు ద్వీపమున 1835లో బానిసత్వము రద్దయ్యెను. చెఱకుతోటలలో పనిచేయుటకు కూలీలు కావలసివచ్చి, తెల్లదొరలు మన దేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడ 36 మంది కూలీలను కలకత్తానుండి అచ్చటికి చేర్చెను. అది మొదలు 1920 వఱకు సుమారు ఐదు లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ రేవున దిగిరి. వారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల తెలుగువారు పెక్కుమంది కలరు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరునుబట్టి పరదేశములందు తెలుగువారిని కోరంగులని పిలుచుట వాడుకయయ్యెను.

దిగిన ప్రతి మనిషికిని ఒక సంఖ్య నిచ్చిరి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, జిల్లా, ఎత్తు, శరీరముపైనున్న మచ్చలు, ఎక్కి వచ్చిన ఓడ, ఇవన్నియు దస్త్రములలో వ్రాసిరి. 1860ల నుండి ఛాయాచిత్రములును తీయసాగిరి. ఇది ప్రేమతో చేసినది కాదు. పారిపోయిన కూలీని పట్టుకొనుటకును, ఒప్పందమును అమలుపఱచుటకును చేసినది. అయినను విధివిలాసము చూడుడు! యజమానుని సౌకర్యమునకై వ్రాసిన ఆ పుటలే నేడు మునిమనుమలకు తాతల ముఖమును చూపు దర్పణములైనవి. మోకా పట్టణమందలి మహాత్మాగాంధీ సంస్థలో ఆ దస్త్రములు భద్రముగా నున్నవి.

వాటిని వెదకువారికి ఎన్నియో వింతలు ఎదురగును. గుమాస్తా తన చెవికి వినబడినట్లు పేరు వ్రాసికొనెను. తెలుగువాని ఇంటిపేరు అతనికి అక్కఱలేకపోయెను. కావున తాత వ్యక్తినామమే మనుమల ఇంటిపేరైనది. అప్పడు, గురువడు అను మన పల్లెపేర్లు నేడు అచ్చట కుటుంబనామములుగా నున్నవి. ఊరి పేరును అట్లే వికృతమైనది. ఆ యక్షరములను పలుమాఱు పైకి చదివి, ఈ ధ్వని ఏ తాలూకాలోని ఏ పల్లెకు సరిపోవునా యని ఊహించి, మఱల జిల్లా పేరుతో సరిచూచుకొనవలసి యుండును. ఇంట చెప్పుకొను కథలో తాత వర్తకుడై వచ్చినాడని యుండును. దస్త్రములో కూలీయని యుండును. అట్టిచోట దస్త్రమును నమ్మవలసినదే. కథలో ఆయన ఒక్కడే వచ్చినాడని యుండును. దస్త్రములో ఆయన వెంట ఒక చెల్లెలును వచ్చినట్లుండును. ఆమెను గూర్చి ఇంటివారెవరును విని యుండరు.

కూలీయను మాట విని ఒకప్పుడు అచ్చటి మనుమలు సిగ్గుపడెడివారు. ఆ రేవును కూలీఘాటు అనియే పిలిచిరి. కాని కాలము మాఱినది. ఆ చోటునకు నేడు ఆప్రవాసీ ఘాటు అని పేరు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. తాతలు ఎక్కిన 16 రాతిమెట్లను నేడు మనుమలు పూలతో పూజింతురు. నవంబరు 2వ తేదీ ఆ దేశమున సెలవుదినము; ఉగాదియు సెలవుదినమే. తాత చేసిన కష్టములో సిగ్గుపడవలసినది లేదని తెలియుటకు మూడు నాలుగు తరములు పట్టినది.

మారిషసు తెలుగువారికి కాగితము మిగిలినది, కథ చెదిరినది. అమెరికాలోని నీగ్రో బానిసల సంతతివారికి దీనికి విరుద్ధముగా జరిగెను. వారిని ఆఫ్రికానుండి పట్టి తెచ్చినవారు పేర్లను తుడిచివేసిరి. కాగితముపై వారు మనుష్యులుగా గాక సొత్తుగా నుండిరి. వారికి మిగిలినది అవ్వల నోటిమాట మాత్రమే.

అలెక్సు హేలీ అను రచయిత 1921లో జన్మించెను. టెన్నెసీ రాష్ట్రములోని హెన్నింగు అను చిన్న యూరిలో ఆయన అమ్మమ్మ తన తోబుట్టువులతో అరుగుమీద కూర్చుండి పూర్వుల కథ చెప్పుచుండెడిది. మొట్టమొదట వచ్చిన ‘ఆఫ్రికను’ తన పేరు కింటే యనెనట. తంతివాద్యమును చూపి ‘కో’ అనెనట. నదిని చూపి ‘కాంబీ బొలోంగో’ అనెనట. డోలు చేసికొనుటకు కఱ్ఱ కొట్టబోయినపుడు తన్ను పట్టుకొనిరని బిడ్డకు చెప్పెనట. అర్థము తెలియని ఆ శబ్దములను తల్లి బిడ్డకును, ఆ బిడ్డ తన బిడ్డకును ఒప్పగించుచు వచ్చిరి.

హేలీ పెద్దవాడై ఆ శబ్దములను పండితులయొద్దకు తీసికొనిపోయెను. జాన్ వాన్సినా అను చరిత్రకారుడు అవి మాండింకా భాషవి కావచ్చుననియు, బొలోంగో యనగా నది యనియు, ఆ నది గాంబియా కావచ్చుననియు చెప్పెను. హేలీ 1967లో గాంబియాలోని జుఫురె అను పల్లెకు పోగా, ఒక వృద్ధుడు కింటే వంశమును ఏకరువు పెట్టి, కుంటా అను యువకుడు కఱ్ఱకై పోయి తిరిగి రాలేదని చెప్పెను. అదే 1767లో గాంబియానుండి అనాపొలిసునకు వచ్చిన ‘లార్డ్ లిగోనియర్’ ఓడ వృత్తాంతము కాగితములలో దొరికెను. 140 మంది బందీలతో బయలుదేరిన ఆ ఓడ తీరము చేరునప్పటికి వందమంది కూడ మిగులలేదు. 1976లో హేలీ ‘రూట్సు’ అను గ్రంథమును ప్రకటించెను. అది లోకమునంతయు కదలించెను. వేలకొలది జనులు తమ పూర్వులను వెదకుటకు దస్త్రశాలల తలుపులు తట్టిరి.

కథ ఇచ్చట ముగిసినచో ఎంత బాగుండును! కాని సత్యము మఱొక యడుగు వేయుమన్నది. 1977లోనే ఒక పత్రికావిలేఖరి జుఫురె వృద్ధుడు పరంపరగా వంశగానము నేర్చినవాడు కాడనియు, వచ్చినవారు వినగోరుచున్నది అతనికి ముందే తెలిసి యుండవచ్చుననియు వ్రాసెను. 1981లో వంశచరిత్ర పరిశోధకు లిద్దఱు వర్జీనియా కాగితములను పరిశీలించి, హేలీ తన పూర్వుడని చెప్పిన టోబీ అను బానిస ఆ ఓడ రాకపూర్వమే అచ్చటి లెక్కలలో నున్నాడని చూపిరి. హేలీ స్వయముగా తన గ్రంథము వాస్తవమును కల్పనయు కలిసినదని ఒప్పుకొనెను.

దీనివలన అవ్వ చెప్పినది అబద్ధమగునా? కాదు. అవ్వ చెప్పిన మాటయు, దానిని ఫలాని యోడకును ఫలాని పల్లెకును ముడివేయుటయు వేఱు వేఱు సంగతులు. ముడి వదులైనది. ఆ ముడి వేసినది అవ్వ కాదు. బానిసత్వపు దుఃఖము సత్యము. ఆ దుఃఖమును మఱవరాదని బిడ్డకు చెప్పిన తల్లుల పట్టుదలయు సత్యమే.

విద్యార్థులారా! వంశకథను వినుటకును, పరీక్షించుటకును కొన్ని నియమములు కలవు. పెద్దలు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాయుడు, మెఱుగులు దిద్దకుడు. చెప్పినవారి పేరు, వ్రాసిన తేదీ తప్పక చేర్చుడు. అర్థము తెలియని పేరుగాని, మాటగాని వచ్చినచో దానిని విడువకుడు. అదియే తాళపుచెవి కావచ్చును. అదే కథను ఇంకొక పెద్దవారి నడిగి రెండింటి భేదమును గుర్తింపుడు. పిమ్మట కాగితములను వెదకుడు. పాతదస్తావేజులు, పాఠశాలల ప్రవేశపు పట్టికలు, పెండ్లి శుభలేఖలు, ఉత్తరములు, గుడిలోని రాతిపలకలు, ఇవన్నియు సాక్షులే. ఇంటిపేరును ఒక సాక్షియే. కందుకూరి, వినుకొండ వంటి ఇంటిపేర్లు పూర్వులు విడిచివచ్చిన యూరిని నేటికిని సూచించుచున్నవి. కథయు కాగితమును విభేదించినచో దేనిని చింపివేయకుడు. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుడు. కాగితము వ్రాసిన గుమాస్తాయును తప్పు వినవచ్చును.

తాత రాజని తేలినచో గర్వింపవలదు. ఆ రాజ్యమును మీరు సంపాదింపలేదు. తాత కూలీయనియో, ఋణగ్రస్తుడనియో తేలినచో సిగ్గుపడవలదు. ఆ కష్టముననే మీరు పుట్టినారు. మనము పూర్వులకు తీర్చవలసిన ఋణము వారిని ఉన్నవారిని ఉన్నట్లుగా తలచుకొనుటయే.

దస్త్రశాల రేపటికిని తెఱచియే యుండును. మీ అవ్వ యెల్లకాలము ఉండదు. కావున ముందుగా ఆమెయొద్ద కూర్చుండి, ఆమె తల్లి పేరేమో, ఆ తల్లిని కన్నతల్లి పేరేమో అడుగుడు. ఆ రెండు పేర్లు వ్రాసికొన్న నాడు మీ వంశచరిత్రలో మొదటి పుట వ్రాయబడినట్లే.