తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు? – లెక్క చూసి చెబుదాం!

పిల్లలూ!

ఒక శుక్రవారం తరగతిలో మేము "మస్కట్ గురించి తెలుగులో పది వాక్యాలు రాయండి, బాగున్నవి తెలుగు వికీపీడియాలో చేరుద్దాం" అన్నాము. వెనక వరసలోంచి ఒక పాప లేచి, "టీచర్, తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు?" అని అడిగింది. అందరూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అది మీ అమ్మానాన్నలు, మేము కూడా లోలోపల వేసుకునే ప్రశ్నే. దీనికి జవాబు ఊహించి చెప్పకూడదు, లెక్క చూసి చెప్పాలి. ఆ లెక్క ఎలా చూడాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

కొట్టు మూయకుండా లెక్క

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఒకరు చదువుతుండగానే మరొకరు రాస్తుంటారు. మరి దాన్ని ఆపకుండా లెక్క తీయడం ఎలా?

మత్రా సూక్‌లో ఒక ఖర్జూరాల కొట్టు ఉందనుకోండి. పెట్టె వచ్చినప్పుడు, పోయినప్పుడు యజమాని పలక మీద అంకె దిద్దుకుంటే చాలు. ఎవరు ఎప్పుడు అడిగినా పలక చూసి చెప్పేస్తాడు. పెట్టెలన్నీ దించి లెక్కపెట్టనక్కర్లేదు. వికీపీడియాను నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేరు కూడా ఇలాగే డేటాబేసులో ఒక చిన్న పట్టిక ఉంచుకుంటుంది. పేజీ చేరినా, దిద్దినా అందులోని అంకె మారుతుంది.

ఆ పలక మీరూ చూడవచ్చు. వెతికే పెట్టెలో "ప్రత్యేక:గణాంకాలు" అని కొట్టండి. ఇదే లెక్కను మరో కంప్యూటర్ ప్రోగ్రాము అడగాలంటే ఏపీఐ అనే వాకిలి ఉంది. దాని ద్వారా పేజీలు, వ్యాసాలు, మార్పులు, సభ్యులు ఎన్నెన్నో అప్పటికప్పుడు తెప్పించుకుని మన బడి వెబ్ సైటులో కూడా చూపవచ్చు.

అయితే అంకె వెనక అర్థం తెలియాలి. "వ్యాసాలు" లెక్కలో చర్చాపేజీలు, దారిమార్పు పేజీలు రావు. "చురుకైన సభ్యులు" అంటే పేరు నమోదు చేసుకున్నవారందరూ కారు, గత 30 రోజుల్లో ఏదైనా పని చేసినవారే. ఈ రెండు రకాల సభ్యుల అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

చదివేవారి లెక్క

ఇది కాస్త చిక్కైనది. అమ్మ జంతికలు చేసి డబ్బాలో పోసి హాల్లో పెట్టింది. మీరు డబ్బాలోంచి తీసుకుంటుంటే, వంటింట్లో ఉన్న అమ్మకు ఎన్ని పోయాయో తెలుస్తుందా? వికీపీడియాలోనూ అంతే. సింగపూర్, ఫ్రాన్సులోని మార్సేయ్ వంటి చోట్ల కాష్ సర్వర్లు పేజీల నకళ్ళు దగ్గర పెట్టుకుని, ఎక్కువమంది పాఠకులకు అక్కడినుంచే అందిస్తాయి. అసలు సాఫ్ట్‌వేరు దాకా కబురే వెళ్ళదు. అందుకే లెక్క డబ్బా దగ్గరే, అంటే ఆ సర్వర్ల చిట్టాల్లోంచే తీస్తారు. 2015 జూలై నుంచి ఏ పేజీని ఎన్నిసార్లు తెరిచారో అలా చూడవచ్చు. సెర్చ్ ఇంజన్ల ప్రోగ్రాములు తెరిచినవి వేరుగా లెక్కిస్తారు. ఎంత చేసినా అది "తెరిచారు" అనే చెబుతుంది, "చదివారు" అని కాదు.

పాపకు జవాబు

మేము తరగతిలో "ఒమన్" వ్యాసం తెరిచి, ఉపకరణాల్లో "పేజీ సమాచారం" నొక్కాము. గత 30 రోజుల వీక్షణలు కనిపించాయి. గొప్ప అంకె కాదు, కానీ సున్నా కాదు. పాప ముఖం వికసించింది. ఆ పేజీలోనే, ఈమధ్య ఎంతమంది ఆ వ్యాసాన్ని దిద్దారో కూడా ఉంది. చదివేవారికంటే రాసేవారు ఎంత తక్కువో అప్పుడు అందరికీ అర్థమైంది.

చదివేవారి అంకె మన చేతిలో లేదు. రాసేవారి అంకెకు ఒకటి కలపడం మాత్రం మన చేతిలోనే ఉంది.

అభ్యాసం

1. మీ అమ్మగారి ఊరు లేదా నాన్నగారి ఊరి వ్యాసం తెరిచి, 30 రోజుల వీక్షణలు రాసుకోండి.
2. ఆ వ్యాసంలో ఏమి లేదో ఫోనులో తాతయ్యను, అమ్మమ్మను అడగండి. వారు చెప్పినదాన్ని పుస్తకంలోనో, పత్రికలోనో సరిచూసుకుని రెండు వాక్యాలు చేర్చండి.
3. నెల తరువాత మళ్ళీ లెక్క చూసి, తరగతిలో చెప్పండి. మేము ఎదురుచూస్తుంటాము!