షామనిజం: సైబీరియా నుంచి సవర కొండల దాకా

ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చిందన్న బిట్ పోటీ పరీక్షల అభ్యర్థులకు కంఠస్థమే. అదే ఉత్తరాంధ్ర కొండల్లోని షామనిజం గురించి అడిగితే చాలామంది తడబడతారు.

పూనకంలో ఆత్మలతో మాట్లాడి జబ్బుకు కారణం చెప్పే ప్రాచీన ఆచారమిది; అలా చెప్పేవారే షామన్లు. సైబీరియా తెగలు దీనికి ప్రసిద్ధి. మన దగ్గర శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ, పక్కనున్న ఒడిశాలోనూ ఉన్న సవరలు చక్కటి ఉదాహరణ. వీరిలో స్త్రీలు కూడా షామన్లు అవుతారు. చనిపోయినవారు షామన్ నోట బంధువులతో మాట్లాడతారు, వాదిస్తారు, అలుగుతారు. ఆత్మల కోసం ఇంటి గోడపై వేసే బొమ్మలే నేటి సవర చిత్రకళకు మూలం. ఒడిశా సవరల మతంపై మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ గ్రంథం 1955లో వెలువడింది. సవర భాషకు నిఘంటువు కూర్చింది మన గిడుగు రామమూర్తి. ఈ బిట్ వదలొద్దు.

1980లో మానవశాస్త్రవేత్త మైకేల్ హార్నర్ రాసిన ‘ద వే ఆఫ్ ద షామన్’తో షామనిజం పాశ్చాత్య నగరాల శిబిరాల్లో డప్పు లయతో చేసే వ్యక్తిగత సాధనగా మారింది. ఊరూ పితృదేవతలూ లేని ఆ శిబిరాలను సవరల ఆచారంతో ఒకే గాటన కట్టలేం. సవరల్లోనేమో చాలామంది ఇప్పుడు క్రైస్తవంలోకి మారారు.