గృహమార్జాలము అంత్యదశ – గృహస్థుని ధర్మము

మృత్యువును గూర్చిన బోధలన్నియు మనుష్యుని కొరకే చెప్పబడినను, మృత్యువు సర్వప్రాణులకు సమానము. ఇంటిలో తిరుగాడు ఒక చిన్నప్రాణి కడపటి దినములలో ఎట్లు మెలగునో శ్రద్ధతో గమనించువానికి రెండు లాభములు కలుగును. ఆ ప్రాణికి చేయదగిన సేవ యేదో తెలియుట మొదటిది. తన హృదయమునందలి దయ యెంత, మమకార మెంత అను లెక్క తేలుట రెండవది. ఈ రెండును తరచుగా కలసియే యుండును గనుక వేరుపరచి చూచుట అవసరము.

భిలాయి ఉక్కుపట్టణమునందలి తెలుగు గృహములను దృష్టియందుంచుకొని ఈ విషయమును విచారింపవచ్చును. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వములకు కుదిరిన ఒడంబడికవలన అక్కడ ఉక్కు కర్మాగారము నెలకొన్నది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. నాడు మధ్యప్రదేశమున నుండిన ఆ పట్టణము 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందినది. తెలుగుసీమనుండి పనికై వెళ్ళి, అంకెలతో పిలువబడు సెక్టారులలో, కంపెనీ క్వార్టరులలో కాలము గడపిన కుటుంబములు అచట పెక్కు కలవు. క్వార్టరు ఉద్యోగముతో వచ్చును, ఉద్యోగముతోనే పోవును. ఇంటనే పెరిగిన పిల్లి పదునైదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు జీవించును. కావున యజమాని పదవీవిరమణ చేయునాటికి ఇంటిలోని పిల్లియు ముసలిదై యుండుట కలదు. ఇల్లు విడువవలసిన సమయమును, పిల్లి దేహము విడువవలసిన సమయమును ఒక్కటే యైనప్పుడు ఆ యింటివారు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము పిల్లి స్వభావమును తెలిసికొననిదే దొరకదు.

అంత్యదశా లక్షణములు

మరణము సమీపించిన పిల్లి మొదట ఆహారమును తగ్గించును, పిమ్మట మానును. ఇష్టమైన పాలు, చేపముక్క ముందుంచినను వాసన చూచి తల త్రిప్పుకొనును. నిత్యము గంటలకొలది తన మేనిని నాకి శుభ్రపరచుకొను ప్రాణి ఆ పనిని విడుచును. అందువలన రోమములు చెదరి, జడలు గట్టి, కాంతి తప్పును. వెన్నెముక చేతికి తగులునంతగా శరీరము చిక్కును. మంచము మీదికి, కిటికీ మీదికి ఎగురుట మానును. మలమూత్ర విసర్జనకు నియత స్థలము చేరలేక, ఉన్నచోటనే తడియును.

ఆరోగ్యవంతమైన పిల్లి శరీరోష్ణము సుమారు 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు నుండును. అంత్యకాలమున అది తగ్గిపోవును. చెవుల కొనలు, పాదములు చల్లబడును. విశ్రాంతిలో నిమిషమునకు పదునైదు మొదలు ముప్పది వరకు నుండు ఉచ్ఛ్వాసనిశ్వాసములు క్రమము తప్పి, ఒకప్పుడు వేగముగను, ఒకప్పుడు చాలసేపు ఆగి ఆగియు నడచును. తుదిక్షణమున దేహము సాగి కంపించుట, నోరు తెరచి ఒకటి రెండు దీర్ఘశ్వాసలు తీయుట కలదు. స్పృహ తొలగిన తరువాత కూడ ఇది జరుగును గనుక చూచువారు భీతిల్లరాదు. ప్రాణము పోయిన తరువాతను కన్నులు తెరచియే యుండును. దానిని తీరని కోరికకు గుర్తుగా తలంప నక్కరలేదు.

పిల్లి యేల దాగును?

ఈ లక్షణములన్నిటిలో లోకమును ఎక్కువగా ఆకర్షించినది పిల్లి దాగుట. మంచము క్రింద, బియ్యపు డబ్బాల వెనుక, స్నానపుగది మూల, పెరటి పొదలో అది చేరి, పిలిచినను పలుకదు. “పిల్లి తన చావును తాను తెలిసికొని, ఏకాంతమును గోరి వెళ్ళును” అని పెద్దలు చెప్పుట వాడుక. ఈ మాట వినుటకు గంభీరముగా నున్నది గాని, దీనివలన కలిగిన హాని తక్కువది కాదు.

పిల్లి ఎలుకలకు వేటకాడే. కాని తనకంటె పెద్ద మృగములకు తానే ఆహారము. ఆఫ్రికా, పశ్చిమాసియా భూములలోని అడవిపిల్లి జాతి మన గృహమార్జాలమునకు మూలము. ఏకాకిగా సంచరించు అట్టి ప్రాణి బలహీనతను వెల్లడించినచో శత్రువు వాతబడును. కావున నొప్పిని దాచుట, నీరసించినప్పుడు మరుగైన చోటు చేరుట దానికి వేలయేండ్లుగా వచ్చిన సహజగుణము. చావబోవు పిల్లి దాగును. జబ్బుపడిన పిల్లియు దాగును. రెండింటికి పైకి కనబడు తేడా లేదు. మూత్రమార్గము మూసికొనిపోయిన మగపిల్లి కూడ మూలచేరి ముడుచుకొనును. ఒకటి రెండు దినములలో చికిత్స లేకున్న అది చచ్చును. సకాలమున చేసినచో బ్రదుకును. ఆహారము మానిన పిల్లికి, ముఖ్యముగా బలిసిన దానికి, కొన్ని దినములలోనే కాలేయమున క్రొవ్వు పేరుకొని క్రొత్త వ్యాధి పుట్టును. “దాని కాలము వచ్చినది, ఏకాంతమును భంగపరుపరాదు” అని ఇంటివారు భక్తితో ఊరకుండిన ఆ రెండు దినములే దాని ప్రాణమును తీయవచ్చును. తెలియమిని వైరాగ్యమని భ్రమించుట సాధకునకు తగదు.

కావున దాగిన పిల్లిని మొదట వైద్యునకు చూపవలెను. భిలాయివారికి ఇది దూరపు మాట కాదు. దుర్గ్ సమీపమున అంజోరాలో పశువైద్య కళాశాల కలదు.

గుర్రుమను శబ్దము

పిల్లి గుర్రుమనినంత మాత్రమున సుఖముగా నున్నదని నిశ్చయింపరాదు. గాయపడినప్పుడును, ప్రసవవేదనయందును, మరణవేళయందును పిల్లి ఆ శబ్దము చేయుట కలదు. దాని ముఖమును చూడవలెను. చెవులు ప్రక్కలకు వ్రాలి, కన్నులు సగము మూతబడి, మూతి బిగిసి, తల భుజములకంటె క్రిందికి వంగియున్నచో అది బాధకు చిహ్నము.

పిల్లి ఇతరుల మరణమును ముందే గ్రహించునను మాటయు కలదు. అమెరికాలోని ప్రావిడెన్సు నగరపు వృద్ధరోగుల ఆశ్రయమందు ఆస్కారు అను పిల్లి, మరణము గంటలలో నున్న రోగుల ప్రక్కనే చేరి పరుండుచుండెడిదని అచటి వైద్యుడు డేవిడ్ డోసా 2007లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వ్రాసెను. ఆ పిల్లి 2022లో మరణించినది. క్షీణించు దేహమునుండి వెలువడు వాసనను అది పసిగట్టి యుండునని కొందరు ఊహించిరి, అది నిరూపింపబడలేదు. దీనిని సిద్ధిగా గొనియాడుటకంటె, మరణించువాని ప్రక్కన మాటలేక కూర్చుండుట ఒక సేవయని గ్రహించుట మేలు.

చేయదగినది, చేయరానిది

వైద్యుడు ఇక చేయగలది లేదని చెప్పిన పిదప గృహస్థుని కర్తవ్యము స్పష్టము. పిల్లి తాను కోరుకొనిన మూలనే దానికి మెత్తని పాతబట్ట పరచవలెను. నీటిగిన్నెను, మలవిసర్జనకు మట్టిపళ్ళెమును రెండడుగుల దూరములో నుంచవలెను. చలికాలమున వెచ్చదనము, భిలాయి వేసవియందు నీడ, గాలి కల్పింపవలెను. నోరు తడిపిన చాలును. గొంతులో బలవంతముగా పాలు పోసినచో అవి ఊపిరితిత్తులలోనికి పోయి బాధ హెచ్చును. మనుష్యులు జ్వరమునకు, నొప్పులకు వాడు మాత్రలను దయతోనైనను ఈయరాదు. పారాసిటమాల్ మాత్ర ఒక్కటియే పిల్లిని చంపగలదు. దానిని విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. బాధలోనున్న పిల్లి కరచినను, రక్కినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే మనుష్యవైద్యుని వద్దకు పోవలెను.

ఇల్లు మారవలసిన వారు ముసలిపిల్లిని పాత క్వార్టరులో విడిచి పోరాదు. పిల్లికి చోటుపై మక్కువ మిక్కుటమే. కాని అన్నము పెట్టు చేయి లేని చోటు దానికి ఇల్లు కాజాలదు. వీలైనచో దాని చివరి దినములు గడచువరకు ప్రయాణమును ఆపవలెను. వీలుగానిచో దాని పాతబట్టనే వెంటగొని, క్రొత్త యింట ఒక చిన్నగదిలో ఆ వాసనతోడనే ఉంచవలెను. భూతయజ్ఞము గృహస్థుని పంచమహాయజ్ఞములలో నొకటి. ఆశ్రయించిన ప్రాణిని తుదివరకు కనిపెట్టుట అందలి భాగమే. మహాప్రస్థానమున ధర్మరాజు తన్ను వెంబడించిన కుక్కను విడిచి స్వర్గరథము నెక్కుటకు సమ్మతింపలేదు.

ధర్మసంకటము

తీరని బాధలోనున్న ప్రాణిని వైద్యునిచేత నొప్పిలేకుండ విడిపింపవచ్చునా? 1928లో సబర్మతి ఆశ్రమమున నయముకాని యాతన పడుచున్న ఒక దూడకు గాంధీమహాత్ముడు వైద్యునిచే విషపు ఇంజెక్షను ఇప్పించెను. దేశమునందు తీవ్రమైన నిరసన చెలరేగగా, స్వార్థము లేక, బాధను తొలగించుటకే చేసిన ఆ కార్యము అహింసయేయని ఆయన సమర్థించుకొనెను. తిరువణ్ణామలలోని రమణాశ్రమమున లక్ష్మి అను గోవు 1948 జూన్ 18న మరణించినది. రమణమహర్షి దాని ప్రక్కన కూర్చుండి, తలపైని, గుండెపైని చేయి యుంచెను. ప్రాణము తనంతట తాను పోయినది. ఆ యాశ్రమ విశేషములను తెలుగున లేఖలుగా వ్రాసిన సూరి నాగమ్మగారు లక్ష్మి కథను మనకు అందించిరి.

ఈ రెండును పరస్పర విరుద్ధములుగా తోచును. రెండింటియందును సమానమైనది ఒకటి కలదు: పెద్దవారు మరణించు ప్రాణి యెదుట స్వయముగా నిలిచిరి. బాధను చూడలేక తొందరపడి చంపించుట ఒక దోషము. పాపభీతిచేత దానిని యాతనకు వదలి గది తలుపు మూయుట ఇంకొక దోషము. రెండింటియందును మనుష్యుడు కాపాడుకొనునది తన్నే. “ఈ నిర్ణయము దాని బాధ కొరకా, నా బాధ కొరకా?” అని ప్రశ్నించుకొని, వైద్యుని మాట విని, నిర్ణయించుకొనవలెను.

భరతుని హరిణము

భాగవత పంచమస్కంధమున భరతమహారాజు కథ కలదు. పోతన భాగవతమున ఈ స్కంధమును తెనిగించినవాడు గంగన. రాజ్యము విడిచి గండకీతీరమున తపస్సు చేయు భరతుడు, తల్లి చనిపోయి ఏటిలో కొట్టుకొనిపోవుచున్న లేడికూనను కాపాడెను. క్రమముగా దాని చింత తపస్సును మ్రింగెను. అంత్యమున దానినే తలంచి లేడియై పుట్టెను. ఈ కథ విని జంతువులను చేరదీయుట తప్పని కొందరు తలంతురు. నీటిలోనుండి కూనను తీసిన చేయి తప్పు చేయలేదు. దాని క్షేమము తనవల్లనే నిలుచునని తలచిన అహంకారము బంధమైనది. సేవ చేయుచు, ఫలము తన చేతిలో లేదని యెరుగుట భరతుని కథ నేర్పు పాఠము.

మార్జాలకిశోర న్యాయము వైష్ణవులకు పరిచితము. తల్లి నోట కరచుకొనినప్పుడు పిల్లికూన పెనగులాడక దేహమును వదలివేయును. శరణాగతికి దానిని దృష్టాంతముగా చెప్పుదురు. ముసలిపిల్లి మూలచేరి ఊరకుండునప్పుడు అది ఏమి తలంచునో మనకు తెలియదు. తత్త్వజ్ఞానమును దానికి ఆరోపింప నక్కరలేదు. మనకు తెలిసినది మన కర్తవ్యము మాత్రమే: నీరు, వెచ్చదనము, వైద్యము, సాన్నిధ్యము.

ప్రాణము పోయిన పిదప దేహమును పాతబట్టలో చుట్టి, నీటివనరులకు దూరముగా లోతైన గుంట తీసి పూడ్చవలెను. పిల్లలకు “అది ఎక్కడికో వెళ్ళిపోయినది” అని అబద్ధమాడరాదు. చనిపోయినదని మెల్లగా చెప్పి, వారిచేత గుప్పెడు మన్ను వేయింపవలెను. ఇంటిలోని పెద్దలకు ఒకనాడు అదే సమయము వచ్చినప్పుడు, పారిపోక ప్రక్కన కూర్చుండుటకు ఆ పిల్లలకు ధైర్యము కలుగును.