బ్లడ్ క్యాన్సర్ ఒక్కటే జబ్బు కాదు

"బ్లడ్ క్యాన్సర్" అనగానే ఇక ఆశ లేదనుకొని రోగిని ఇంటికి తీసుకుపోయేవారున్నారు. ఏ రకమో తెలుసుకోకుండా అలా చేయకండి. ముఖ్యంగా ఇవి మూడు రకాలు.

1. లుకేమియా: ఎముక మూలుగలో పుట్టి రక్తంలోకి వస్తుంది. పాలిపోవడం, విడవని జ్వరం, చిగుళ్ళ నుండి రక్తం కారడం దీని లక్షణాలు. త్వరగా ముదిరేది ఎక్యూట్; దీనికి వెంటనే వైద్యం కావాలి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ రకం, వైద్యం మధ్యలో ఆపకపోతే, చాలామందికి నయమవుతుంది. నెమ్మదిగా పెరిగేది క్రానిక్. ఇందులో మైలాయిడ్ రకానికి 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చింది. అది రోజూ వేసుకుంటూ ఎన్నో ఏళ్ళు జీవిస్తున్నవారున్నారు.

2. లింఫోమా: లింఫు గ్రంథులలో వస్తుంది. హాడ్జ్‌కిన్, నాన్-హాడ్జ్‌కిన్ అని రెండు విధాలు. మెడలో, చంకలో, గజ్జలో నొప్పిలేని గడ్డ, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటాయి. టి.బి.లోనూ ఇవే ఉంటాయి గనుక బయాప్సీ తప్పనిసరి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని భయపడవద్దు.

3. మైలోమా: పెద్ద వయసువారిలో ఎక్కువ. తగ్గని నడుము నొప్పి, రక్తహీనత, ఎముకలు సులువుగా విరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం కనిపిస్తాయి.

రకాన్ని బట్టే మందు. కాబట్టి డాక్టరుగారిని అడిగి జబ్బు పూర్తి పేరు రాయించుకోండి, రిపోర్టులు భద్రపరచండి. ప్రార్థన చేయండి, వైద్యమూ మానకండి.