మన టైగర్ – కొన్ని సైన్సు సంగతులు

కుక్క నాలుక ఎందుకు వేలాడేస్తుంది? మొన్న స్టడీ అవర్లో ఇదే చర్చ. మనకి పట్టినట్టు దానికి ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొంచెం పడుతుంది, అంతే. అందుకని రొప్పుతుంది. నాలుక మీది తడి ఆవిరై ఒంట్లో వేడి తగ్గుతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. కాబట్టి ఎండాకాలం వంటగది వెనక మన టైగర్ కి ఒక మూకుడు నీళ్ళు పెట్టండి.

ఇంకో విచిత్రం. కుక్క కంటికి నీలం, పసుపు రంగులు బాగా తెలుస్తాయి. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలీదు. గ్రౌండులో ఎర్రబంతి విసిరితే టైగర్ గడ్డిలో ముక్కుతో వెతుక్కునేది అందుకే. బంతికి పసుపు గుడ్డ చుట్టి విసరండి, తేడా మీరే చూస్తారు.

దానికి 'కూచో' నేర్పడం మాకు 11 రోజులు పట్టింది. అన్నం ముద్దని ముక్కు మీదుగా మెల్లగా వెనక్కి తేవాలి. తల పైకెత్తగానే నడుము దానంతటదే దిగుతుంది. సరిగ్గా అప్పుడే మాట అనాలి, ముద్ద పెట్టెయ్యాలి. ఆలస్యమైతే దేనికి పెట్టామో దానికి తెలీదు. ఒకరు కూచో అని, ఇంకొకరు సిట్ అని అంటే పాపం అదేం చేస్తుంది? కొట్టనక్కర్లేదు. మొదటిసారి అది కూచున్నప్పుడు నాకు లెక్కల్లో 35 దాటినంత సంతోషమేసింది.

ఇక అసలు సంగతి. చిన్నపిల్లలున్న చోట కుక్క వద్దు, తోలేద్దామని వార్డెన్ గారు అంటున్నారు. ఆయన భయం ఉత్తది కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కానీ మనం పారేసే ఎంగిలి మెతుకులున్నంత కాలం టైగర్ పోతే ఇంకో తెలియని కుక్క వస్తుంది. దానికంటే టీకా వేసిన మన కుక్కే నయమని నా అభిప్రాయం. 3 నెలలు నిండిన కుక్కకి పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేస్తారు. తర్వాత డాక్టరు గారు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి.

ఏ కుక్క కరిచినా, గోళ్ళతో గీరినా ముందు పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ క్రిమి చొంగలో ఉంటుంది. సబ్బు దాని పై పొరను పాడుచేస్తుంది. కారం, సున్నం, ఆకు పసరు ఏవీ పుయ్యకూడదు. వెంటనే సార్ కి చెప్పి ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారని భయపడి దాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ సూదులు ఎప్పుడో పోయాయి! ఇప్పుడు చేతికే వేస్తారు, కొన్ని రోజుల తేడాతో. మొదటి సూదితో ఆపెయ్యకూడదు. గాయం లోతుగా ఉంటే అక్కడే సీరం కూడా ఇస్తారు.

1885 జూలై 6న పారిస్ లో లూయీ పాశ్చర్ తన కొత్త టీకాను జోసెఫ్ మైస్టర్ అనే పిల్లాడికి ఇప్పించాడు. వాడికి 9 ఏళ్ళు, అంటే మన ఫోర్త్ క్లాసు పిల్లలంత. పిచ్చికుక్క చాలా చోట్ల కరిచింది. అయినా బతికాడు. పెద్దయ్యాక పాశ్చర్ పేరుతో ఉన్న సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.

వార్డెన్ గారికి విన్నపం: సంతరోజు పశువుల ఆసుపత్రికి టైగర్ ని తీసుకుపోవడానికి మాకు ఒక్క పూట పర్మిషన్ ఇవ్వండి సార్. తాడు వంటమాస్టారు ఇస్తానన్నారు. టీకా వేసిన చీటీ తెచ్చి, తేదీ అందరికీ కనబడేలా ఈ గోడ పత్రిక పక్కనే అంటిస్తాం.