కోదాయ్ పాటల బడి

బడిలో ప్రార్థనగీతము పాడుటకు పిల్లలను ఎన్నుకొను దినమున ఒక చిన్న తీర్పు జరుగును. ఉపాధ్యాయుడు ఒక్కొక్కరిచేత ఒక చరణము పాడించి, నలుగురైదుగురిని ముందు నిలువబెట్టును. తక్కినవారు వినవలసినవారే. కొన్నిచోట్ల "నీవు పెదవులు మాత్రము కదుపుము" అనుటయు కలదు. ఆ మాట పడిన బాలుడు పెద్దవాడైన పిదప కూడ "నాకు పాట రాదు" అనియే చెప్పుకొనును. లెక్క రాని పిల్లవానిని లెక్కల తరగతినుండి ఎవరును పంపివేయరు. పాట రాని పిల్లవానిని మాత్రము పాటనుండి పంపివేయుదురు. ఇది న్యాయము కాదని చెప్పి, చెప్పుటతో ఊరకుండక, తన దేశపు పాఠశాలలలో పాటకు చోటు కల్పించుటకై జీవితమున సగము వెచ్చించిన సంగీతకర్త హంగరీ దేశీయుడగు జోల్తాన్ కోదాయ్.

ఆయన 1882వ సంవత్సరమున కెచ్‌కెమేత్ అను పట్టణమున జన్మించెను. తండ్రి రైల్వే ఉద్యోగి. ఉద్యోగరీత్యా ఆ కుటుంబము గలాంతా అను చిన్న యూర కొన్నేండ్లు నివసించెను. ఇంటిలో తలిదండ్రులు తీరిక వేళల పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమును వాయించుకొనుచుండెడివారు. బడిలో చెప్పులు లేని పల్లెపిల్లలు తమ పాటలు తాము పాడుకొనుచుండెడివారు. ఈ రెండు సంగీతములును బాల్యముననే ఆయన చెవిని బడినవి. 1905లో ఆయన మరల ఆ ప్రాంతమునకే పోయి పల్లెపాటలను సేకరింప మొదలిడెను. మరుసటి యేట బేలా బార్తోక్ అను మిత్రునితో కలసి ఇరువది పాటలను అచ్చొత్తించెను. ఈ మిత్రులిద్దరును ఫోనోగ్రాఫు యంత్రమును పల్లెలకు మోసికొనిపోయి, ముసలివారిచేత పాడించి, ఆ పాటలను మైనపు గొట్టములపై పట్టియుంచెడివారు.

ఆనాటి పట్టణవాసులలో పెక్కుమంది ఈ పాటలను ఎరుగరు. భోజనశాలలలో వినవచ్చు నాగరికపు పాటలనే వారు తమ జాతి సంగీతమని తలచుచుండిరి. ప్రాచీనములగు పాటలు ఎక్కువగా వృద్ధుల కంఠములలో మిగిలియుండెను. వారు పోయినచో పాటయు పోవును. పుస్తకములో అచ్చువేసినంత మాత్రమున పాట బ్రదుకునా? దానిని పాడువారు కావలెను గదా! ఆ పాడువారిని ఎచ్చట పెంచవలెను? బడిలోనే.

1925లో కోదాయ్ జానపద గీతములను ఆధారము చేసికొని బాలల బృందగానమునకై రెండు రచనలు చేసెను. బుడాపెస్టు నగరపు బడిపిల్లలు వానిని పాడిరి. 1929లో బాలల బృందగానమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అందు ఆయన చెప్పిన మాట ఒకటి హంగరీలో నేటికిని తలచుకొందురు. రాజధానిలోని నాటకశాలకు సంగీతాధికారి ఎవరు అనుదానికంటె, కిష్వార్దా వంటి మారుమూల పట్టణపు బడిలో పాట నేర్పువారు ఎవరు అనునది ముఖ్యమని ఆయన అభిప్రాయము. ఏలయన, చెడ్డ అధికారిని కొలది కాలములోనే తొలగింతురు. చెడ్డ ఉపాధ్యాయుడో ముప్పదియేండ్లపాటు ఏటేటను వచ్చు పిల్లలలో సంగీతముమీది ప్రేమను చంపుచునేయుండును.

ఇక నేర్పవలసిన తీరును చూతము. మొదటి వాద్యము కంఠమే అని కోదాయ్ పట్టుబట్టెను. పియానో ధనవంతుని యింటనే యుండును. కంఠము అందరికిని కలదు. పిల్లవాడు పాడుట, స్వరములు చదువుట కొంత నేర్చిన పిమ్మటనే వాద్యమును ముట్టవలెనని ఆయన మతము. పాశ్చాత్యులు దో, రే, మీ, ఫా, సో, లా, తీ అను స్వరములను మన స, రి, గ, మ, ప, ధ, ని లతో పోల్చవచ్చును. మన గాయకుడు ఒకటవ శ్రుతిలో పాడినను, అయిదవ శ్రుతిలో పాడినను షడ్జము షడ్జమే గదా! అట్లే కోదాయ్ బడిలోను దో ఏ శ్రుతిలోనైన నిలుచును. కావున పిల్లవాడు ఒక్కొక్క ధ్వనిని విడిగా గుర్తుంచుకొనడు. ఒక స్వరమునకు మరియొక స్వరముతో గల చుట్టరికమును నేర్చుకొనును.

ఏడు స్వరములును ఒక్కసారిగా నేర్పరు. మొదట సో, మీ అను రెండే. మన భాషలో చెప్పవలెనన్న, పంచమమునుండి అంతరగాంధారమునకు దిగుట. పసిపిల్లలు ఆటలలో ఒకరినొకరు పిలుచుకొనునపుడు ఈ దిగుడు తరచుగా వినవచ్చును. తరువాత లా, అనగా ధైవతము, చేరును. పిదప దో, రే చేరును. ఈ అయిదును కలసినచో మన మోహనరాగపు స్వరములే! గమకములు లేవు కనుక దానిని మోహనమనరాదు. అయినను హార్మోనియముపై ఈ స్వరములను మీటి చూచినవారు ఆ పోలికకు అచ్చెరువందుదురు. ఫా, తీ అను రెండును చివర వచ్చును. మీ నుండి ఫాకును, తీ నుండి పై దో కును ఎడము మిక్కిలి తక్కువ. ఆ ఇరుకు మెట్లపై చిన్న గొంతులు జారును.

మన సంప్రదాయము దీనికి దాదాపు ఎదురుగా నడచినది. పురందరదాసు ఏర్పరచెనని చెప్పబడు సరళీస్వరములను మనము మాయామాళవగౌళలో మొదలిడుదుము. అందు ఇరుకు మెట్లు నాలుగు కలవు. ఏది మేలో తేల్చుట సులభము కాదు. మన పద్ధతి గురువు నెదుట కూర్చుండిన కొద్దిమంది శిష్యులకు తగినది; కోదాయ్ తలపోసినది పాటకై రాక, బడికై వచ్చిన పిల్లలతో నిండిన తరగతిని గూర్చి.

తరగతినంతటిని ఒక్కత్రాటిపై నడపుటకు ఆయన ఒక చక్కని సాధనమును ఇంగ్లండునుండి తెచ్చుకొనెను. 19వ శతాబ్దమున నార్విచ్ పట్టణమున సారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని పిల్లలకు స్వరాక్షరములతో పాట నేర్పుచుండెను. జాన్ కర్వెన్ అను మతాచార్యుడు ఆమె పద్ధతిని పెంపొందించి, స్వరమునకొక చేతిగుర్తును చేర్చెను. దో కు పిడికిలి. మీ కి నేలకు సమముగా చాచిన అరచేయి. సో కు రొమ్మునకు ఎదురుగా నిలిపిన అరచేయి. లా కు మణికట్టునుండి వ్రేలాడు చేయి. తీ కి పైకి చూపు చూపుడువ్రేలు. స్వరము ఎక్కినకొలది చేయియు నడుమునుండి నొసటివరకు ఎక్కును. ఉపాధ్యాయుడు నోరు విప్పక చేయి కదుపుచుండ, తరగతియంతయు పాడును. నడుమ ఒక సైగతో పాటను ఆపును. పిల్లలు లోలోపల పాడుకొనుచు సాగుదురు. మరల సైగ చేసినపుడు అందరును ఒకే చోట, ఒకే శ్రుతిలో గొంతు విప్పవలెను. వినుటకు ఇది ఆటవలె నుండును గాని, పలుకని స్వరమును మనసులో వినుట సంగీతవిద్యలో మిక్కిలి కష్టమైన పని.

పై తరగతులకు పోయినకొలది పిల్లలు తాము పాడినదానిని వ్రాయుదురు, వ్రాసినదానిని చూచి పాడుదురు. ఆపైన రెండు వరుసల గానము వచ్చును. ఒకరు ఒక వరుసను, మరియొకరు వేరొక వరుసను పాడుచుండ, తన పాటను వదలక ఎదుటివాని పాటను వినవలెను. ఇందుకై కోదాయ్ 1937 మొదలు "బిచీనియా హుంగారికా" అను సంపుటములను వెలువరించెను. గలాంతా బడిలోని ఆ చెప్పులు లేని నేస్తులను తలచుకొనుచు వీనిని వ్రాసితినని ముందుమాటలో చెప్పుకొనెను. ఉన్నత తరగతులలో మగపిల్లల గొంతు మారును. చాలచోట్ల పాట ఆగిపోవునది అచ్చటనే. కాని స్వరములను చదువనేర్చిన బాలునికి గొంతు దిగినంతనే చదువు పోదు. వానికి క్రింది వరుసను ఇచ్చినచో బృందమునకు బలమే చేకూరును.

రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగియునప్పటికి హంగరీ శిథిలమైయుండెను. అట్టి దేశములో 1950లో, కోదాయ్ పుట్టిన కెచ్‌కెమేత్ పట్టణముననే, మార్తా నెమెష్‌సెగి అను ఉపాధ్యాయిని నడపిన ప్రాథమిక పాఠశాలలో ప్రతిదినము పాట తరగతి మొదలైనది. అది గాయకులను తయారుచేయు కళాశాల కాదు. లెక్కలు, భాష, చరిత్ర అన్నియు చెప్పు మామూలు బడియే. తరువాత ఇట్టి బడులు దేశమున నూటికి పైగా వెలసినవి. 1964లో సంగీతవిద్యను గూర్చిన అంతర్జాతీయ సభ బుడాపెస్టులో జరిగినపుడు పలు దేశముల ఉపాధ్యాయులు వచ్చి వీనిని చూచిరి.

పాటకు దినమునకొక గంట పోయినచో తక్కిన చదువు గతి యేమి అని తలిదండ్రులు అడుగుట సహజము. క్లారా కోకాష్ అను పరిశోధకురాలు ఇట్టి బడుల పిల్లలను పరిశీలించి, పాట తక్కిన చదువునకును తోడ్పడునని చెప్పినది. ఆ మాట చాలమందికి ఊరట నిచ్చినది. కాని లెక్కలలో మార్కులు పెరుగునని చెప్పి పాటకు చోటడుగుట నాకు అంత రుచింపదు. లెక్కల మార్కులు పెరుగనిచో పాటను మానిపింతుమా? పాట నేర్చినవానికి పాట వచ్చును. ఆ లాభము చాలదా?

కోదాయ్ 1967లో మరణించెను. తరువాతి దశాబ్దములలో హంగరీలోని సాధారణ పాఠశాలలలో పాటకు గల గంటలు తగ్గినవి. ఆ దేశపు సంగీతోపాధ్యాయులకు ఇది తీరని కొరత. మరియొక ప్రక్క, ఆయన పద్ధతి ద్వారా జానపద సంగీతమును కాపాడుటను యునెస్కో 2016లో మేలైన సంరక్షణ విధానముల పట్టికలో చేర్చినది. 1975లో కెచ్‌కెమేత్‌లోని ఒక పాత క్రైస్తవ మఠపు భవనమున ఆయన పేర సంగీతవిద్యా సంస్థ నెలకొన్నది. నానాదేశములనుండి ఉపాధ్యాయులు అచ్చటికి వచ్చి చదువుచుందురు. పియానోలో ఎంతటి ప్రవీణులైనను, వారు అచ్చట బృందములో నిలిచి తమ కంఠముతో పాడవలసినదే.